గోలోమ్‌కి పై పేరు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది. దానికి ముందుది చర్చి మెట్ల దాకా నీళ్లొచ్చిన వరద. ఈ రెంటికీ మధ్య పంతొమ్మిదేళ్లు. ఈసారి నీళ్లు చర్చి దాకా రాలేదు. ఏరు మలుపు దాటి వచ్చి, మా సమాధుల గట్టుని బెల్లం దిమ్మ కోసినట్టు నిలువునా కోసుకుపోయింది.

వాన వెలిశాక వెళ్లి చూశాను. పైవరసలో మా ముత్తాత సులంగ్ సమాధి. దాని అంచు గాలిలో వేలాడుతోంది. కిందవరసలో గోలోమ్ సమాధి. దాని రాళ్లు సగం ఏట్లో పడ్డాయి. ఇంకో వాన కురిస్తే రెండూ పోతాయి.

ఈ దీవి కొండల్లో మా వాళ్లు పెద్దల ఎముకల్ని నీళ్లపాలు కానివ్వరు. తవ్వి తీసి, నిమ్మరసం, పసుపు పెట్టి కడిగి, ఎత్తు మీద రాతి గూడు కట్టి అందులో పెడతారు. ఆ రోజు పందుల్ని కోస్తారు, డోళ్లు వాయిస్తారు. ఊళ్లో గూడు కట్టడం రెండేళ్ల కిందటే మొదలైంది. నత్తలా సాగుతోంది. వరద వచ్చి తొందరపెట్టింది.

ఆ సాయంత్రం కల్లు దుకాణంలో మాట లేవదీసింది గుస్తాఫ్. నా భార్యకి అన్న. ఆవిడ పోయి ఆరేళ్లయినా బావ బావే. పిల్లనిచ్చిన ఇంటివాడు కాబట్టి సమాధి మీద మొదటి గునపం వెయ్యాల్సింది అతనే.

"బావా, గూట్లో పై అరలో సులంగ్‌ని పెడదాం. పక్కనే గోలోమ్‌ని కూడా పెడదామని ఊరు అనుకుంటోంది," అన్నాడు.

"పక్కనా?"

"పక్కనే. సులంగ్ తమ్ముడని రాయిద్దాం. ఎవరి సొమ్ము పోయింది? మంగసి వస్తున్నాడు. వాడి వెనక ఆఫీసర్లు వస్తున్నారు. పేపరువాళ్లు వస్తున్నారు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"చూడండ్రా, గ్లాసు కింద పెట్టాడు. మా బావ ఈ నెలకి ఇంతే మాట్లాడతాడు," అన్నాడు గుస్తాఫ్. అందరూ నవ్వారు.

గోలోమ్ ఎవరో ఊరందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. మా వంశపు పెద్ద, సులంగ్ తండ్రి రాజా ఉంబక్ ఇంట్లో దాసుడి కొడుకు. పాత రోజుల్లో కొట్లాటల్లో పట్టుబడ్డవాళ్లని అలా ఇళ్లల్లో ఉంచుకునేవాళ్లు. తర్వాత కాలం మారింది, చర్చి వచ్చింది, వాళ్లకీ మా ఇంటిపేరే పెట్టారు. ఇంటిపేరు అయితే పెట్టారు గాని పేర్ల వరసలో చోటు లేదు. విందుల్లో వాటాలు పిలిచేటప్పుడు పంది తల రాజా ఉంబక్ వంశానికి, అంటే మా ఇంటికి. గోలోమ్ వాళ్లని పిలవరు. వంట దగ్గరే ఆకులో ఏదో కట్టి పంపుతారు. మా ఇంటి అరుగు మీద వాళ్లు కూర్చోరు. మమ్మల్ని అయ్యా అంటారు. మేం వాళ్లని పేరు పెట్టి పిలుస్తాం, ముసలివాళ్లనైనా సరే.

మంగసి ఆ గోలోమ్‌కి మునిమనవడు. పదేళ్లప్పుడు పాస్టరుగారు వెంటబెట్టుకుని పట్నం బడిలో వేశారు. జావాలో చదివాడు, జపాన్‌లో చదివాడు. సరస్సుల అడుగున మట్టిని గొట్టాలతో పైకి తీసి, ఏ పొర ఏ ఏటిదో చెబుతాడట. ఏ వరద ఎప్పుడొచ్చిందో, ఏ కొండ ఎప్పుడు పేలిందో, అన్నీ మట్టి చూసి చెబుతాడు. ఆ చదువులో అంతటివాడు మా వైపు దేశాల్లో ఇంకొకడు లేడని పేపర్లో రాశారు. పెద్ద బిరుదేదో ఇచ్చారు.

"మట్టి చూడ్డానికి జపాన్ దాకా ఎందుకురా? నా గోళ్లు చూస్తే సరిపోయేదిగా," అనేవాడు గుస్తాఫ్.

నాకు వాడంటే కోపమేం లేదు. ఒకటే మాట. మా వాళ్లలో కొత్తవాడు ఎదురైతే ముందు ఇంటిపేరు అడుగుతాం. తర్వాత ఎన్నో తరం అని అడుగుతాం. దాన్ని బట్టి బావో, మామో, తమ్ముడో తేలుతుంది. తేలేదాకా ఎలా పిలవాలో తెలీదు. అందుకే మగపిల్లాడికి మాటలు రాగానే తండ్రి పేరు, తాత పేరు, అలా పైపైకి నేర్పుతారు. నాది పధ్నాలుగో తరం. బడికి మూడేళ్లే వెళ్లాను, అక్కడ నేర్చింది చాలా మటుకు పోయింది. ఈ పధ్నాలుగు పేర్లు పోలేదు. నా దగ్గరున్నది అదొక్కటే. దాన్లో దాసుడి పేరు ఇరికించడం నాకు పడలేదు.

"తవ్వండి," అన్నాను. "పళ్లు చూడండి."

"పళ్లేంటి?"

నాన్న నాకు చెప్పిన సంగతి వాళ్లకి చెప్పాను. రాజా ఇంట్లో మగపిల్లాడికి మీసం మొలిచే వయసులో ముందు పళ్లు రాతితో సమంగా అరగదీసేవాళ్లు, చిగుళ్ల దాకా. పెద్ద విందు చేసేవాళ్లు. దాసుల పిల్లలకి ఆ విందు లేదు. సులంగ్ పళ్లు గీత గీసినట్టుంటాయి. గోలోమ్ పళ్లు గుర్రం పళ్లలా ఉంటాయి. ఆఫీసర్ల ముందే చూడండి. చూశాక కూడా పక్కన పెడతామంటే పెట్టండి.

దుకాణంలో ఎవరూ నవ్వలేదు. నేను అంతసేపు మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు.

"మరీ ఇంత పట్టుదలైతే ఎలా బావా," అన్నాడు గుస్తాఫ్.

తవ్వే ముందు రోజు మంగసి మా ఇంటికొచ్చాడు. వంతెన లేదు కాబట్టి కారు అవతలే వదిలి, పడవ దాటి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి. కళ్లద్దాలు. వెంట మేనత్త తియోమిన. ఎనభై దాటిన మనిషి, గూనిది, వక్క నమిలి ఎర్రబడ్డ నోరు. ఇద్దరూ అరుగు ముందు నిలబడ్డారు. నేను కూర్చోమనలేదు.

"పెద్దయ్యా, మా విశ్వవిద్యాలయంవాళ్లు నా మీద పుస్తకం వేస్తున్నారు," అన్నాడు. "మొదటి అధ్యాయం మా వంశం. మా నాన్న, తాత, ముత్తాత గోలోమ్. అక్కడ ఆగిపోయింది. గోలోమ్ తండ్రి ఎవరు? అడిగితే మిమ్మల్నే అడగాలన్నారందరూ."

"తెలీదు."

"మీకు తెలీకుండా ఉంటుందా?"

"తెలీదన్నానుగా."

వాడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పుస్తకం పోతే పోనివ్వండి. మా అబ్బాయికి సంబంధం చూశాం. పిల్ల తాత నన్ను ఎన్నో తరం అన్నాడు. ఏ సరస్సు అడుగున ఏ ఏటి మట్టి ఉందో చెప్పగలను పెద్దయ్యా, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆయన కాఫీ తాగి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. మా అబ్బాయి నన్నేం అనలేదు. అనకపోవడమే..."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

నేను ఒక్క మాట అంటే చాలు. దాసుడి కొడుకనే మాటైనా, సులంగ్ తమ్ముడనే మాటైనా. రేపు పళ్లే చెబుతాయిలే అనుకున్నాను. నా నోటితో ఎందుకు?

తియోమిన నా మొహం కేసి చూడలేదు. "అయ్యగారు తెలీదంటే తెలీదు. పద నాయనా," అంది. మేనల్లుడి చెయ్యి పట్టుకుని గట్టు దిగింది.

పొద్దున పాస్టరుగారు ప్రార్థన చేశారు. గుస్తాఫ్ సులంగ్ సమాధి మీద మొదటి గునపం వేశాడు, తర్వాత గోలోమ్ సమాధి మీద. ఆఫీసర్లు గొడుగుల కింద నిలబడ్డారు. మట్టి మెత్తగా ఉంది, ఎక్కువ సేపు పట్టలేదు. పుర్రెని నేలకి తగలనివ్వకూడదు, ఇంటి ఆడవాళ్లు శాలువాలో పట్టాలి. సులంగ్‌ని మా కోడలు పట్టింది. గోలోమ్‌ని తియోమిన పట్టింది. పట్టేటప్పుడు ఆవిడ ఏదో గొణిగింది. ఏడుస్తోందనుకున్నాను.

కడగడం మగవాళ్ల పని. రెండు ఇత్తడి పళ్లేల్లో నిమ్మరసం నీళ్లు పెట్టారు. నేను సులంగ్ దగ్గర కూర్చున్నాను. పక్క పళ్లెం దగ్గర మంగసి.

ముత్తాత పుర్రెని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. ఎండు సొరకాయ బుర్రంత. నోటినిండా మట్టి. వేలితో తీశాను. నీళ్లు పోశాను. బొటనవేలితో పళ్లు తోమాను.

పళ్లు పొడుగ్గా తగిలాయి.

ఇంకా మట్టి ఉందనుకున్నాను. మళ్లీ తోమాను. నీళ్లు మార్పించి మళ్లీ తోమాను. ముందు పళ్లు నాలుగూ నిలువునా ఉన్నాయి. ఒకదాని కొస కొంచెం విరిగింది. అరగదీసిన గుర్తు లేదు. రాయి తగిలిన గుర్తే లేదు.

అప్పుడు పక్కనుంచి మంగసి అన్నాడు. "పెద్దయ్యా, మా ముత్తాత పళ్లు చిత్రంగా ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తు. చిగుళ్ల దగ్గరికి, స్కేలు పెట్టి గీసినట్టు. ఇదేమైనా జబ్బంటారా?"

పదేళ్లకే ఊరు వదిలినవాడు. వాడికి పళ్ల సంగతి తెలీదు. నా చేతిలో పుర్రె జారబోయింది. గట్టిగా పట్టుకున్నాను. చేతులు కదులుతున్నాయి గాని చూస్తుంటే ఎవరి చేతులో అనిపించింది.

తల ఎత్తితే ఎదురుగా గుస్తాఫ్. అతను నా పళ్లెంలోకి చూశాడు, మంగసి పళ్లెంలోకి చూశాడు. మొహం పాలిపోయింది. మరుక్షణం ఆఫీసర్ల వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "అయ్యా, ఎండ మండిపోతోంది, మీరు పందిట్లోకి రండి! ఎవర్రా అక్కడ, దొరలకి కుర్చీలు వెయ్యండి!"

వాళ్లని తోలుకుపోయి, వెనక్కొచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, సమాధులు తారుమారయ్యాయి," అన్నాడు చెవిలో. "వరద. గట్టు జారింది. పైది కిందికి, కిందది పైకి. అంతే."

నాకు ఊపిరొచ్చింది. అంతే. గట్టు జారింది.

లేచి, ఏరు కోసిన గట్టు దగ్గరికి మంగసిని తీసుకెళ్లాను. "నీకు మట్టి తెలుసు కదా. చెప్పు. వరదకి ఈ సమాధులు చోటు మారాయా?"

వాడి మొహం వెలిగింది. "మీరు నన్ను అడిగిన మొదటి మాట ఇది, పెద్దయ్యా," అన్నాడు. చెప్పులు విప్పి బురదలోకి దిగాడు. గట్టు గోడ మీద అరచేత్తో తుడిచి చూపించాడు.

"ఈ తెల్ల గీత చూడండి, బూడిద. కొండ పేలినప్పటిది, చాలా పాతది. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా విరగలేదు. పై సమాధి తవ్వినచోట తెగింది, ఇదిగో ఇంతే, పార వెడల్పు. కింద సమాధి దగ్గరా అంతే. గట్టు జారి ఉంటే ఈ గీతలు ముక్కలు ముక్కలుగా ఉండేవి. పైది పైదే, కిందది కిందదే. పాతిపెట్టిన రోజు నుంచి నిన్నటిదాకా వీళ్లని ఎవరూ కదపలేదు. రాసివ్వమంటారా?"

"వద్దు," అన్నాను.

వాడు నవ్వుతున్నాడు. నాకు సాయం చేశాననుకున్నాడు.

వెనక్కొచ్చి మిగతా ఎముకలు చూశాను. ఇంకొక ఆశ ఉండింది. చనిపోయినప్పుడే పొరపాటున ఒకరి చోట ఒకర్ని పాతారేమోనని. ఎడమ చెయ్యి కోసం వెతికాను. సులంగ్ చెయ్యి సంగతి మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. తెల్లదొరల సిపాయిలు వచ్చి ఊరు తగలబెట్టినప్పుడు, తుపాకులు ఎక్కడ దాచారో చెప్పమని రాజా ఉంబక్ కొడుకుని పట్టుకుని కొట్టారు. చెయ్యి విరగ్గొట్టారు. చెప్పలేదు. మూడేళ్లు రోడ్డు పనికి లాక్కుపోయారు. చెయ్యి వంకరగా అతుక్కుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ చెయ్యి గురించి తల ఎత్తుకుని తిరుగుతున్నాను.

పైసమాధి ఎముకల్లో ఎడమ చెయ్యి దొరికింది. కొడవలిలా వంగి ఉంది.

కాబట్టి ఇతను సులంగే. ఊరు సులంగ్ అని పిలిచిన మనిషే. దెబ్బలు తిన్నవాడు, మా నాన్నకి తాత. ఇతని పళ్లకే రాయి తగల్లేదు.

జనం తిండికి వెళ్లారు. నేను పళ్లేల దగ్గరే ఉండిపోయాను. తియోమిన కూడా వెళ్లలేదు. ఎముకలకి పసుపు రాసి ఒక్కొక్కటే గుడ్డలో పేరుస్తోంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఏది అయ్యా?"

"పళ్ల సంగతి."

ఆవిడ గుడ్డ ముడి వేసింది. వక్క పక్కకి ఉమ్మింది. "మా ఇంట్లో అందరికీ తెలుసు. వీడికొక్కడికే తెలీదు, చిన్నప్పుడే పోయాడుగా."

నేను కింద కూర్చున్నాను.

"చెప్పు."

"చెప్పకూడదని ఒట్టు. మట్టి కింద ఉన్నంతకాలం అన్నారు." ఆవిడ కోసిన గట్టు వైపు చూసింది. "ఇప్పుడు మట్టి కింద లేరుగా. చెబుతాను. సిపాయిలు వస్తున్నారని తెలిసి మీ రాజా ఉంబక్ ఏం చేశాడు? కొడుకుకి పనివాడి గుడ్డలు కట్టి, నువ్వు గోలోమ్‌వి అని గేదెలతో కొండ మీదికి తోలాడు. పనివాడి కొడుక్కి శాలువా కప్పి, నువ్వు సులంగ్‌వి అని ఇంట్లో కూర్చోబెట్టాడు. ఇద్దరికీ పదహారేళ్లు. కూర్చోబెట్టినవాడిని కొట్టారు, తీసుకుపోయారు. ఊరు కాలింది, తర్వాత కలరా. ఉంబక్ పోయాడు, ఆయన భార్య పోయింది, సగం ఊరు పోయింది. మూడేళ్లకి వాడు వంకర చేత్తో తిరిగొచ్చాడు. కొండ మీది నుంచి దిగినవాడు వాడిని చూసి ఏమన్నాడో మా నాయనమ్మ చెప్పింది. ఆవిడ ఆయన భార్యేగా."

"ఏమన్నాడు?"

"'నా పేరు మీద నువ్వు దెబ్బలు తిన్నావు. ఆ పేరు నీదే. ఇల్లూ నీదే. నేను గోలోమ్‌గానే ఉంటాను' అన్నాడు. వాడు వద్దన్నాడట, ఏడ్చాడట. ఈయన వినలేదు. ఒట్టు వేయించాడు. తెలిసినవాళ్లు నలుగురే మిగిలారు. నోరు మూసుకున్నారు."

రెండు పళ్లేల వంకా చూశాను.

"నూరేళ్లు," అన్నాను. "మా అరుగు కింద నిలబడ్డారు. నేను నిన్ను పేరు పెట్టి పిలిచాను."

"పిలిచారు."

"ఎందుకు ఊరుకున్నారు?"

"మా తాత ఇచ్చేసింది మేం అడుక్కుంటామా?" అంది. అని, మొదటిసారి నా మొహంలోకి చూసింది. "కోపం లేదనుకోకండి అయ్యా. నిన్న మా పిల్లాడు మీ ముందు నిలబడి అడిగినప్పుడు ఒట్టు తీసి గట్టున పెడదామనిపించింది. నాలుక కొరుక్కున్నాను."

మా తాతకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. తండ్రి నోట్లో పళ్లు చూసే ఉంటాడు. మా తాత అసలు మాట్లాడేవాడు కాదని నాన్న అనేవాడు. నాన్న కూడా అంతే. నేనూ అంతే. ఇది మా ఇంటి తత్వం అనుకున్నాను ఇన్నాళ్లూ.

మధ్యాహ్నం వాటాలు పిలిచారు. "రాజా ఉంబక్ వంశానికి తల!" అని అరిచారు. కాళ్లు అలవాటు కొద్దీ లేచాయి. వెళ్లి తీసుకున్నాను. ఆకులో వెచ్చగా ఉంది, నూనె చేతుల మీదికి కారుతోంది. గోలోమ్ వాళ్లని పిలవలేదు. మంగసి ఆఫీసర్ల మధ్య కూర్చుని ఉన్నాడు, తియోమిన వంటల దగ్గర నిలబడి ఉంది. పళ్లు చూపించమని కల్లు దుకాణంవాళ్లెవరూ అడగలేదు. గుస్తాఫ్ రెండు పుర్రెల మీదా శాలువా కప్పేశాడు. పొద్దు గూకేలోపు రెండు మూటల్నీ ఎత్తు మీది గూట్లో పై అరలో పెట్టారు.

గుస్తాఫ్ ఇంటికి నా వెంట వచ్చాడు. దారిలో తియోమిన చెప్పింది అతనికి నాలుగు మాటల్లో చెప్పాను. "బావా, విను. తెలిసి చూసింది ముగ్గురం. ఆ ముసలమ్మ నూరేళ్ల ఒట్టు దాచిన ఇంటిది. నేను నీ బావని. నీకా, నోరు మూసుకోవడం కొత్త కాదు. గోలోమ్‌ని పక్కన పెట్టేశాం, తమ్ముడని రాయిస్తాం, మంగసి కొడుక్కి పెళ్లవుతుంది. నీ పేర్లు నీకుంటాయి. అందరికీ బాగే."

అది నిజమే. అందరికీ బాగే. నేను తల ఊపలేదు. తల అడ్డంగా తిప్పనూ లేదు.

"నీ కర్మ," అని వెళ్లిపోయాడు.

నేను ఆ తల వాటా ముట్టుకోలేదు. ఆకు విప్పలేదు. మా కోడలు రెండుసార్లు అడిగి ఊరుకుంది.

తెల్లారింది. ఆకు మూట తీసుకుని ఏటి గట్టున గోలోమ్ వాళ్లింటికి నడిచాను. అరవై ఏడేళ్లు వచ్చాయి, ఆ ఇంటి మెట్టు ఎక్కడం అదే మొదలు. మంగసి సంచి సర్దుకుంటున్నాడు. తియోమిన పొయ్యి ఊదుతోంది.

మూట ఆవిడ ముందు పెట్టాను. "అత్తా, ఇది మీ వాటా," అన్నాను.

ఆవిడ ఊదుగొట్టం పక్కన పెట్టింది.

మంగసి కంగారుగా కుర్చీ లాగాడు. నేను మెట్టు మీదే కూర్చున్నాను. "కాగితం తియ్యి," అన్నాను. "రాసుకో."

మొదటి పేరు నుంచి చెప్పాను. ఒక్కొక్క పేరు, ఆ మనిషి ఎవరి ఇంటి పిల్లని చేసుకున్నాడు, ఏ కొండ వాలున ఇల్లు కట్టాడు. పదిమంది. పదోవాడు రాజా ఉంబక్. పదకొండోవాడు సులంగ్. "ఈ సులంగే మీ ముత్తాత," అన్నాను. "ఎలాగో మీ అత్త చెబుతుంది. నీది పధ్నాలుగో తరం. పిల్ల తాతకి అలాగే చెప్పు." ఇంత మాట నేను జన్మలో మాట్లాడలేదు. గొంతు బొంగురుపోయింది.

వాడు రాయడం ఆపి నా వంక చూస్తున్నాడు. "పెద్దయ్యా..." అన్నాడు.

"అయ్యా అనకు. బిల్మర్ అను."

"మరి మీరు? మీకు పైన ఎవరు?"

"గోలోమ్," అన్నాను. "గోలోమ్‌కి పైన నాకు తెలీదు."

తియోమిన అప్పుడు నోరు విప్పింది. "నాకు తెలుసు. నాయనమ్మ మర్చిపోవద్దని చెప్పింది, దెబ్బలు తిన్నాయన వాళ్లు ఎప్పటికైనా అడుగుతారు అంది. లొహోత్. ఎక్కడి నుంచి తెచ్చారో తెలీదు. పేరు మాత్రం లొహోత్."

రెండుసార్లు చెప్పించుకున్నాను. లేచాను.

అక్కణ్ణుంచి ఎత్తు మీదికి, రాతి గూటి దగ్గరికి వెళ్లాను. చెక్కేవాడు ఇంకా రాలేదు. పై అర మీద పేర్లు సున్నంతో రాసి ఉన్నాయి, ఉలి పడాలి. తడి గుడ్డతో రెండు పేర్లూ తుడిచేశాను. వంకర చెయ్యి ఉన్న మూట ఎటు వైపు ఉందో తడిమి చూసుకుని, ఆ వైపు రాతి మీద గోలోమ్ అని రాశాను. రెండో వైపు సులంగ్ అని రాశాను. గోలోమ్ పైన కాస్త ఖాళీ ఉంది. అక్కడ లొహోత్ అని రాశాను. ఒక్కో అక్షరం గుర్తు చేసుకుని రాయాల్సి వచ్చింది. వంకరగా వచ్చింది. తుడిచి మళ్లీ రాశాను.